ఏడాదైనా పైసా రాలేదంటే ముందు ఇవి చూడండి

మూడు పాటలు స్పాటిఫైలో పెట్టి ఏడాదైనా పైసా రాలేదన్నారు కదా. 2024 నుంచి అక్కడ ఒక పాటకు గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు ఉంటేనే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వస్తుంది. ముందు అది చూసుకోండి.

పాట మీరే రాసి, ట్యూన్ కట్టి, పాడితే హక్కులు రెండు: రచనది (సాహిత్యం, ట్యూన్), రికార్డింగ్‌ది. డిస్ట్రిబ్యూటర్ (మీ పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే కంపెనీ) ద్వారా మామూలుగా వచ్చేది రెండోదాని డబ్బే. మొదటిదానికి కాపీరైట్ సొసైటీలో (రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) మెంబరై పాటలు విడిగా నమోదు చేయాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు (నేనూ రెండేళ్లు వదిలేశాను). ట్యూన్‌లో ఇంకెవరి చెయ్యైనా ఉంటే వాటాలు ఇప్పుడే కాగితం మీద పెట్టండి. పాట హిట్టయ్యాక ఆ మాట ఎత్తితే గొడవే.

నన్నడిగితే, నెల ఖర్చులకు స్ట్రీమింగ్‌ని నమ్ముకోవద్దు. నా బండి నడిచేది మ్యూజిక్ క్లాసులు, కచేరీల మీదే. అన్నట్టు, ప్రతి పాటకూ గొంతు లేని మిక్స్ ఒకటి దాచుకోండి, యాడ్స్ వాళ్లకి అదే కావాలి.