బుక్ చేసిన గదికి మూడింతలు కట్టించుకున్నారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మ, తమ్ముడు, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలం సంక్రాంతికి కారులో కోనసీమ బయల్దేరాం. భీమవరంలో ఒక చిన్న లాడ్జిలో భోగి నుంచి మూడు రాత్రులకు రెండు ఏసీ గదులు నెల ముందే యాప్‌లో బుక్ చేశాను. గదికి రోజుకు 1,800. అడ్వాన్సు 2,160 యాప్‌కే కట్టాను. రాత్రి తొమ్మిదింటికి చేరితే, "ఆ బుకింగ్ మాకు రాలేదండి, ఇప్పుడు గది 5,500" అన్నారు. యాప్ చాట్‌లో ఫిర్యాదు పెట్టాను, జవాబు లేదు. పిల్లలు నిద్రకు పడిపోతున్నారు, గత్యంతరం లేక 11,000 మేనేజరు సొంత నంబరుకు ఫోన్‌పే చేశాను. బిల్లు ఇవ్వలేదు. మర్నాడు పాలకొల్లు వెళ్లి గది 2,500 చొప్పున రెండు గదుల్లో రెండు రాత్రులున్నాం. ఇది చాలదన్నట్టు, బళ్లు జరపాలని వాచ్‌మన్ కారు తాళం తీసుకున్నాడు. పొద్దున చూస్తే ఎడమ డోరు సొట్ట, బాగుచేతకు 6,400 అయింది. అడిగితే "యాజమాన్యం బాధ్యత వహించదు" అనే బోర్డు చూపించారు. కేసు వేయొచ్చా? వేస్తే భీమవరం తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాది నివాసం ఉన్నచోటే కేసు వేసుకోవచ్చు. మీరు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి.

ముందు ఒక సంగతి. కోడిపందేల రోజుల్లో భీమవరంలో గది రేటు పెంచడం దానంతటది తప్పు కాదు. గది అద్దెకు సబ్బుబిళ్ల మీద ఉన్నట్టు ఎమ్మార్పీ ఉండదు. బుకింగ్ లేకుండా వెళ్లినవాళ్లకు పదివేలు చెప్పినా కేసు నిలవదు. మీకు కేసు ఉన్నదల్లా తేదీలు, రేటు, బుకింగ్ నంబరుతో యాప్ పంపిన ఖరారు మెసేజ్ చేతిలో ఉండబట్టే. అది వచ్చాక రేటు మార్చే హక్కు లాడ్జికి లేదు.

"మాకు రాలేదు" అనేది పండగ రోజుల్లో తరచూ వినిపించే మాటే. చిన్న లాడ్జిల్లో యాప్‌లో గదులు తెరవడం, మూయడం మేనేజరు ఫోన్లోంచే జరుగుతుంది. మూయడం మరిచిపోయి ఉండొచ్చు, కౌంటరు దగ్గర ఎక్కువ వస్తోందని పాత బుకింగును పక్కన పెట్టి ఉండొచ్చు. ఏది జరిగిందో తేల్చే పని మీది కాదు. లాడ్జినీ యాప్‌నీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లాడ్జి ఒక్కదాన్నే చేరిస్తే తప్పంతా యాప్ మీదకు నెడుతుంది. యాప్ ఒక్కదాన్నే చేరిస్తే "మేం మధ్యవర్తులం మాత్రమే" అంటుంది. చాలా కేసులు నీరుగారేది ఇక్కడే.

వరస ఇలా పెట్టుకోండి. మొదట యాప్ గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్. 2020 ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లాడ్జి అసలు వ్యాపార నామం, చిరునామా కూడా అదే మెయిల్‌లో అడగండి. బోర్డు మీద పేరొకటి, జీఎస్టీలో పేరొకటి ఉంటే నోటీసు తిరిగొచ్చేస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు రాయించండి. వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారు గానీ తీర్పు ఇవ్వరు, కాబట్టి దాని మీదే కూర్చోకండి. తర్వాత ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందిన రుజువు దాచండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్లలో ఆన్‌లైన్‌గా కేసు వేసే ఇ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు, అఫిడవిట్, కాగితాలు ఎక్కించండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

"ఇష్టపడే కట్టారు కదా" అని లాడ్జి తప్పక వాదిస్తుంది. దానికి మీ సమాధానం ఆ రాత్రి యాప్ చాట్‌లో పెట్టిన మెసేజే. ఫోన్‌పే చేసిన సమయం, చాట్ సమయం పక్కపక్కన పెడితే ముందు అభ్యంతరం, తర్వాత చెల్లింపు అని తేలుతుంది. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా చాట్ మొత్తం ఇప్పుడే డౌన్‌లోడ్ చేయండి, ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. ఫోన్లోని ఆధారాలు చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయండి. డబ్బు వ్యక్తి ఖాతాకు వెళ్లింది కాబట్టి యూటీఆర్ (లావాదేవీ) నంబరు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ లాడ్జిలో దిగినట్టు చూపే ఫొటో ఏదైనా ఉంటే అదీ పెట్టండి. బిల్లు ఇవ్వకపోవడం మీకు అడ్డంకి కాదు, ఆయుధం. 2019 చట్టం 2(47) సెక్షన్ దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.  

కారు విషయంలో అసలు కీలకం తాళం. మీరే పార్కు చేసి తాళం జేబులో వేసుకుని ఉంటే లాడ్జి మీద బాధ్యత మోపడం కష్టమయ్యేది. తాళం తీసుకున్నారంటే బండి వాళ్ల అధీనంలోకి వెళ్లింది. కాంట్రాక్టు చట్టం 148, 151 సెక్షన్ల ప్రకారం సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలి. తాళం తీసుకుని హోటలే పార్కు చేసిన కారు పోయిన కేసులో, సొంత అజాగ్రత్తకు హోటలు "బాధ్యత మాది కాదు" అనే షరతు చాటున దాక్కోలేదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో చెప్పింది. సొట్ట ఫొటో, మెకానిక్ బిల్లు జతచేయండి. ఇన్సూరెన్సులో క్లెయిమ్ చేసుకుని ఉంటే మీ చేతినుంచి పడినంతే అడగాలి.

లెక్క: మీరు మొత్తం కట్టింది 23,160, కట్టాల్సింది 10,800. తేడా 12,360, ఇందులోనే అడ్వాన్సూ కలిసిపోయింది. కారుకు 6,400. మానసిక వేదనకు 25,000, ఖర్చులకు 10,000 అడగండి చాలు. ఐదు లక్షలు రాస్తే నిజమైన నష్టం కూడా తేలిగ్గా కనిపిస్తుంది. పాలకొల్లు లాడ్జి బిల్లు లేకపోతే ఇప్పుడే తెప్పించుకోండి.

నోటీసు అందాక లాడ్జి యజమాని ఫోన్ చేసి పదివేలు ఇస్తానంటే తీసుకోవచ్చు. కానీ నగదుగా కాకుండా ఖాతాలో వేయించుకోండి. అది లాడ్జి వరకే పరిష్కారమని, యాప్ మీద ఫిర్యాదు వదులుకోలేదని ఒక వాక్యం మెసేజ్‌లో రాసి, ఆయన "సరే" అన్నాకే తీసుకోండి.