నాయన పద్మినిలో దాచిన స్టీరియో: డబ్బు ఎక్కణ్ణుంచి తీయాలి?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా నాయన 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. అమ్మ మా దగ్గరే ఉంటుంది, అక్క చిత్తూరులో ఉంటుంది. కారులో రేడియో ఎప్పుడో మూగబోయింది. డాష్‌బోర్డు రూపం చెడకుండా, బయటికి ఏమీ కనపడకుండా లోపల కొత్త స్టీరియో పెట్టించాలని నా కోరిక. చెన్నైలో ఒక షాపువాళ్లు రూ.1,35,000 అవుతుందని అంచనా కాగితం ఇచ్చారు, జత చేస్తున్నాను. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 18 నెలల ఈఎంఐ పెట్టుకోవచ్చంటున్నారు. రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు రూ.5,000 చొప్పున 20 నెలల లక్ష రూపాయల చీటీ కడుతున్నాను, ఇది నాలుగో నెల. చేతికొచ్చే జీతం రూ.62,000, ఇంటి ఖర్చు రూ.41,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ సిప్ రూ.5,000, టర్మ్ (జీవిత), ఆరోగ్య బీమాలకు సగటున రూ.3,000. పాత కార్ల ధరలు పెరుగుతున్నాయి, ఇది పెట్టుబడే అని నా స్నేహితుడు అంటాడు. మా ఆవిడ అప్పు మాత్రం చేయొద్దంటోంది. కారు ఇన్సూరెన్స్ ఇంకా నాయన పేరు మీదే కడుతున్నాను. నేనేం చేయాలి?

జవాబు: ఉత్తరమంతా స్టీరియో గురించి రాసి, చివర్లో ఇన్సూరెన్స్ గురించి ఒక్క వాక్యం రాశారు. నేను ఆ వాక్యం దగ్గరే మొదలుపెట్టాలి.

వాహన యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కారు పాలసీ కూడా అంతే. పాలసీదారు పోయాక అది మూడు నెలలు, లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. ఆ తర్వాత మీరు నాన్నగారి పేరు మీద కట్టిన ప్రీమియానికి రసీదు ఉంటుంది. కానీ రేపు రేణిగుంట రోడ్డులో ఎవరికైనా దెబ్బ తగిలి వ్యవహారం కోర్టుదాకా వెళితే, కంపెనీ మొదట పట్టుకునేది ఈ లొసుగునే. ఆ పరిహారం మీ జీతం మీద, ఇంటి మీద పడే ప్రమాదం ఉంది. స్టీరియో లేకపోతే కొంపలేమీ మునగవు. ఈ కాగితం లేకపోతే మునగొచ్చు.

ఇంకొకటి. నాన్నగారు వీలునామా రాయకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ కారులో అమ్మగారికి, అక్కయ్యకు, మీకు సమాన వాటాలు. అంటే ఇవాళ్టికి మీది మూడో వంతే. అక్కయ్య అడ్డు చెప్తారని నేను అనుకోను. అయినా అడిగి, ఆవిడ, అమ్మగారు ఇద్దరూ అభ్యంతరం లేదని సంతకం పెట్టిన కాగితం తీసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో కలిపి దాన్ని ఆర్టీఏ ఆఫీసులో ఇవ్వాలి. అలాగే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు ఎప్పటివరకుందో చూడండి. సొంత కారుకు 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. మీ గడువు దగ్గర పడి ఉంటే ఈ కారు మీద పెట్టాల్సిన మొదటి ఖర్చు ఇదే.

ఇప్పుడు మీ స్నేహితుడు అన్న ‘పెట్టుబడి’ సంగతి. పాత పద్మిని కొనేవాళ్లు ముందు చూసేది తుప్పు, ఇంజిను, కాగితాలు, ఆ తర్వాత డాష్‌బోర్డు, స్టీరింగు పక్కన గేరు, క్రోమ్ పట్టీలు అసలువేనా అని. మీరు లక్షా ముప్పై అయిదు వేలు పెట్టి బిగించిన స్టీరియోకు వాళ్లు లక్షా ముప్పై అయిదు వేలు కలిపి ఇవ్వరు. డాష్‌బోర్డు కోసి ఉంటే ఉన్న ధరలోనే తగ్గిస్తారు. సొంతానికి వాడుకునే కారును అమ్మితే వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను ఉండదు, నష్టమొస్తే పన్నులో చూపించుకునే వీలూ ఉండదు. కాబట్టి దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి, ఇష్టమైన ఖర్చుగా రాసుకోండి. అందులో తప్పేమీ లేదు. నలభై ఏళ్లు ఇంటిల్లిపాదినీ మోసిన బండిలో మళ్లీ పాట వినాలనుకోవడం మంచి కోరికే, నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. అయితే ఇష్టమైన ఖర్చుకు చేతిలో ఉన్న డబ్బే వాడాలి, వడ్డీ డబ్బు వాడకూడదు.

లెక్క చూడండి. రూ.1,35,000కి 16 శాతంతో 18 నెలలంటే ఈఎంఐ దాదాపు రూ.8,490. మొత్తం వడ్డీ సుమారు రూ.17,750. కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది ఇంకో రూ.3,200. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే దగ్గర దగ్గర ఇరవై ఒక్క వేలు ఊరికే పోతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీ జీతంలో ఖర్చులు, సిప్, చీటీ, బీమా పోగా మిగిలేది రూ.8,000. ఈఎంఐ దానికంటే ఎక్కువ. మొదటి నెల నుంచే సిప్‌లో చెయ్యి పెట్టాల్సి వస్తుంది. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది.

ఎఫ్‌డీ మీ ఇంటికి దాదాపు అయిదు నెలల ఖర్చు. అందులోంచి ఈ డబ్బు తీస్తే మిగిలే రూ.65,000 నెలన్నరకు చాలుతుంది. ప్రైవేటు కాలేజీల్లో వేసవి జీతాలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని ముట్టుకోవద్దు. చీటీ ఇప్పుడే పాడుకుంటే ఈ తొలి నెలల్లో పోటీని బట్టి ఇరవై, పాతిక వేల కోత తప్పదు. పేరు చీటీ అయినా అదీ అప్పే. దాన్ని చివరిదాకా నడపండి. అయితే ఆ చీటీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో ఈ వారమే కనుక్కోండి. తెలిసినవాళ్లు నమ్మకం మీద నడిపేదైతే ఇది పూర్తవగానే ఇంకొకటి ఎత్తుకోకండి.

ఇక మీరు పంపిన అంచనా కాగితం. బ్లూటూత్ రిసీవరు, ఆంప్లిఫయరు రూ.38,000. స్పీకర్లు రూ.27,000. సబ్‌వూఫరు (గంభీరమైన బేస్ శబ్దాలకు విడి స్పీకరు), దాని ఫైబరు పెట్టె రూ.30,000. తలుపులు అదరకుండా వేసే డ్యాంపింగ్ షీట్లు రూ.15,000. కూలి రూ.18,000. వైరింగు రూ.7,000. నన్ను భయపెట్టింది ఈ చివరి అంకె. నలభై ఏళ్ల నాటి తీగల మీద తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతుంది. ఆ కారులో ప్రమాదమంతా అక్కడే ఉంది. లక్షా ముప్పై అయిదు వేలలో దానికి ఏడు వేలు పెట్టి, మిగతాది చప్పుడుకు పెట్టారు.

మీరు ఫిజిక్స్ చెప్తారు కాబట్టి ఇది మీకు సులువే. బానెట్ ఎత్తి ఛార్జింగుకు డైనమో ఉందో, ఆల్టర్నేటరు ఉందో చూడండి. ఆ కాలపు డైనమోలు గట్టిగా తిరిగితే ఇచ్చేది ఇరవై, పాతిక ఆంపియర్లు. బండి లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగి ఐడిలింగ్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వవు. రాత్రి పూట హెడ్‌లైట్లు, వెనక లైట్లు, ఇగ్నిషన్‌కే పది ఆంపియర్ల పైచిలుకు కావాలి. షాపువాళ్లు రాసిన ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు కలిసి 300 వాట్ల శబ్దం ఇవ్వాలంటే, 60 శాతం సామర్థ్యం అనుకున్నా 12 వోల్టుల దగ్గర నలభై ఆంపియర్లు లాగుతాయి. పాటలో ఎప్పుడూ అంత లాగదు, నిజమే. కానీ లాగిన క్షణం అది బ్యాటరీ మీద, పాత తీగల మీద పడుతుంది. పాత అంబాసిడర్ ఉన్న పాఠకులకు ఇక్కడ ఒక మాట: తొలి మోడళ్లలో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉండొచ్చు. అది చూసుకోకుండా కొత్త ఆంప్లిఫయరు తగిలిస్తే అది అక్కడికక్కడే కాలిపోతుంది.

అందుకే వరస మార్చమంటున్నాను. మీకు మిగిలే ఎనిమిది వేలతోనే సాగండి. మొదటి రెండు నెలల రూ.16,000 కాగితాలకు: పేరు మార్పు, ఆర్‌సీ, మీ పేరు మీద కొత్త పాలసీ. తర్వాతి మూడు నెలల రూ.24,000 వైరింగుకు, కొత్త ఫ్యూజు పెట్టెకు, డైనమో ఉంటే ఆల్టర్నేటరుకు. పద్మినికి మూలమైన పాత ఫియట్లు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఆడియో షాపు చేత వద్దు. దానికి కావాల్సిన పాత సామాను తిరుపతిలో దొరక్కపోతే చెన్నై పుదుపేటలో వెతకొచ్చు. ఆ తర్వాతి నాలుగు నెలల రూ.32,000 స్టీరియోకు. తొమ్మిది నెలల్లో రూ.72,000తో, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా అయిపోతుంది. కాగితాలకు తక్కువైతే ఇంకా ముందే అవుతుంది.

ముప్పై రెండు వేలకు ఏమొస్తుందని అడుగుతారు. బాగానే వస్తుంది. పద్మిని లోపల చిన్న గది, దానికి సబ్‌వూఫరు అక్కర్లేదు. బ్లూటూత్ లోపలే ఉన్న క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయరు, నాలుగు ఛానెళ్లది, రూ.12,000 అనుకోండి. అరచేతి కంటే కాస్త పెద్దదే కాబట్టి గ్లవ్ బాక్సు వెనక ఇమిడిపోతుంది. పాటా, వాల్యూమూ మీ ఫోన్లోనే. రెండు జతల స్పీకర్లు రూ.10,000. ఇవి చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి, విని కొనండి, ఉదయం రైలెక్కితే ఒక్కరోజు పని. ఒక జత డాష్‌బోర్డు కింద కాళ్ల పక్కన, ఇంకో జత వెనక సీటు మీది అట్ట అరలో. ఆ అట్టను మాత్రం కోయొద్దు. అదే కొలతతో ఇంకో అట్ట కొట్టించి, దానికి రంధ్రాలు పెట్టి, పైన పాత రంగు బట్ట తొడిగించండి. దీనికి రూ.2,000 అవుతుంది. అసలు అట్టను చీటీ అంటించి అటక మీద పెట్టండి. తీగ, రిలే, ఫ్యూజు రూ.3,000, కూలి రూ.5,000.

బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే తీగకు జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. తాళంచెవి తిప్పి బండి ఆపితే ఆంప్లిఫయరు కూడా ఆగిపోయేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టించండి, లేకపోతే పొద్దున్నే బ్యాటరీ చచ్చిపడుంటుంది. ఏరియల్ కోసం మడ్‌గార్డుకు చిల్లు పెట్టనివ్వకండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. మూగబోయిన రేడియోను దాని చోటే ఉంచండి.

విప్పేస్తే కారు యథాస్థితికి రావాలి. షాపుకు మీరు పెట్టే షరతు ఇదే. దీనికి డబ్బు కోణం కూడా ఉంది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఫీజు రూ.20,000, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. మీ కారు ఆ గీత దాటేది 2034లో. నిబంధన పట్టించుకునేది ఛాసిస్, బాడీ, ఇంజినులో మార్పులనే కాబట్టి స్టీరియో దానికి అడ్డు కాదు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ రోడ్డెక్కించకూడదు కనుక మీకు అది నచ్చకపోవచ్చు కూడా. కానీ అప్పటికి ఈ కారు కావాలనుకునేవాళ్లు రంధ్రం పడని డాష్‌బోర్డుకే ఎక్కువ ధర కడతారు.

కొత్త పాలసీ తీసుకునేటప్పుడు మూడో పక్షానికి (బయటివాళ్లకు జరిగే నష్టానికి) మాత్రమేనా, సొంత కారు నష్టానికి కూడానా అన్నది తేల్చుకోండి. మొదటిదైతే స్టీరియో పోయినా, కాలినా పైసా రాదు. రెండోదైతే, అయిదేళ్లు దాటిన కారు విలువను మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. కారుతో పాటు రాని స్టీరియోను ఎలక్ట్రికల్ యాక్సెసరీగా విడిగా రాయించాలి. దానికి అదనపు ప్రీమియం సాధారణంగా విలువలో 4 శాతం, అంటే మీ రూ.32,000కు ఏడాదికి రూ.1,280, పైన జీఎస్టీ. రాయించకపోతే అది పాలసీలో లేనట్టే. అందుకు బిల్లు కావాలి కాబట్టి, జీఎస్టీ లేకుండా తక్కువకు ఇస్తామన్నా ఒప్పుకోకండి. బిల్లు మీ పేరు మీద, ఒక్కో వస్తువు ధర విడివిడిగా రాయించుకోండి. ఆర్‌సీ మీ పేరుకు మారేదాకా ఏ షాపుకూ అడ్వాన్సు ఇవ్వొద్దు.