స్నాతకోత్సవంలో మాట్లాడబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాలమూరు విశ్వవిద్యాలయంలో పట్టాలు అందుకునే పిల్లల ముందు నిన్ను మాట్లాడమన్నారట! సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. 2008 దాకా ఈ జిల్లాకు విశ్వవిద్యాలయమే లేదు. మా రోజుల్లో పెద్ద చదువంటే ఉస్మానియా వైపు చూడటమే. ఇవాళ మన ఇంటి ఆడపిల్ల ఇక్కడే వేదిక ఎక్కుతోంది. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. ఇటుక బట్టీ నుంచి నువ్వు విడిపించిన కుటుంబం సంగతి చెబుతావట కదా, నా మనసు అక్కడే ఆగిపోయింది.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పన్నెండు నిమిషాలు దాటకు. తెలుగులో మాట్లాడు, ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చిన తల్లిదండ్రులు వెనక వరసల్లో ఉంటారు. ఏదైనా తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో నీకు కళ్ళు తిరుగుతాయి. వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళగలిగేది ఒక్కటైనా చెప్పు: ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వెట్టిలో చిక్కినవాళ్ళకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును పెడతారని, అందుకోసం 15100కి ఫోన్ చేయవచ్చని. ఆ అంకెను రెండుసార్లు పలుకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1989లో కాలువ పనుల దగ్గర నుంచి కొన్ని కుటుంబాలను తీసుకొచ్చాం. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరలేదని వాళ్ళను కదలనివ్వలేదు. అలాంటి అప్పు చెల్లదని 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం స్పష్టంగా చెబుతోంది, కానీ ఆ గుడిసెల దాకా ఆ మాట చేరలేదు. పారిపోబోయాడని ఒకతన్ని గుంజకు కట్టి కొట్టారు. విముక్తి పత్రం చేతికిచ్చినప్పుడు అతని మణికట్టు మీద తాడు ఒరుసుకుపోయిన గుర్తు ఇంకా పచ్చిగానే ఉంది. భార్య చంకలో రెండేళ్ళ పిల్ల.

ఆ పిల్ల 2008లో డిగ్రీ పూర్తి చేసింది. ఆ కాలేజీ వాళ్ళు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. నేను పొంగిపోయాను. గుంజ, తాడు, దెబ్బలు, అన్నీ చెప్పాను. హాలంతా కన్నీళ్ళు. చివర్లో మూడో వరస వైపు చేయి చాపి, "ఆ తండ్రి కూతురు ఇక్కడే ఉంది, లేమ్మా" అన్నాను. లేచింది. చప్పట్లు ఆగలేదు. ఆ పిల్ల చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ నేల వైపే చూస్తూ నిలబడింది. అది కృతజ్ఞత అనుకున్నాను.

బయట వేపచెట్టు కింద తండ్రి నా కోసం ఆగి ఉన్నాడు. కోపంగా లేడు. "సార్, ఆ దెబ్బల సంగతి నా బిడ్డకు తెలియదు. పనికి పోయి సంపాదించుకుని వచ్చామనే చెప్పుకున్నాం. ఎప్పుడో ఒకరోజు నేనే చెబుదామనుకున్నాను" అన్నాడు. నేను క్షమించమన్నాను. తల ఊపి, కూతురి వెంట వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ పండుగకూ అతను మన గడప తొక్కలేదు. అంతకుముందు ప్రతి సంక్రాంతికీ అనపకాయలు తెచ్చేవాడు.

అతన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అమ్మలూ. అడగాలని నాకు తట్టనే లేదు. విడిపించింది నేనే కాబట్టి ఆ కథ నాదే అనుకున్నాను.

చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పే మాటలు తైత్తిరీయ ఉపనిషత్తులో ఉన్నాయి. "సత్యం వద, ధర్మం చర" అని అందరూ వల్లిస్తారు. కాస్త కిందికి వెళితే "హ్రియా దేయం" అని ఉంటుంది, ఇచ్చేటప్పుడు సిగ్గుతో ఇమ్మని. ఆ రోజు నాకు ఆ సిగ్గు లేకపోయింది. నీకు ఉందని తెలుసు. చిన్నప్పుడు నీ పాత గౌన్లు పక్కింటి పాపకు ఇవ్వమంటే, ఎవరూ చూడకుండా గోడ మీద పెట్టి వచ్చేదానివి. అయినా చప్పట్లు మనిషిని మార్చేస్తాయని భయం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. తెర మీద ఆ బట్టీ కుటుంబం ఫోటోలు మాత్రం వేయనివ్వకు. ఎవరు అడిగినా సరే.

ఆదివారం ఖాళీ చేసుకో. మక్తల్ వైపు బస్సెక్కి ఆ బట్టీ కుటుంబం దగ్గరికి వెళ్దాం. రాసుకున్న కాగితం తెచ్చుకో, వాళ్ళ ముందు కూర్చుని మొదటి నుంచీ చదువు. ఏది వద్దంటే అది అక్కడే కొట్టేయి. మొత్తం వద్దన్నా సరే, మిగిలిన రోజుల్లో కొత్తది రాసుకుందాం, రాత్రి ఎంత పొద్దుపోయినా నేను కూర్చుంటాను.

నీ మామయ్య,
మహబూబ్‌నగర్