ఆ రెండు గంటలూ ఆ తల్లివి

అమ్మలూ,

ప్రతి శనివారం రెండు గంటలు ఆటిజం ఉన్న ఆ బాబు దగ్గర ఉండి వాళ్లమ్మకు కాస్త తెరిపి ఇస్తానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పుడు ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి నిద్ర పట్టక అంత దొర్లాను.

టైముకి వెళ్లు. రాలేకపోతే ముందు రోజే చెప్పు. మొదటి రెండు మూడుసార్లు తల్లి ఇంట్లో ఉండగానే బాబుతో కూర్చో. ఏ శబ్దం పడదు, దాహం వేస్తే ఎలా చెబుతాడు, మింగడానికి ఇబ్బంది ఉందా, అన్నీ అడిగి రాసుకో. ఫిట్స్ వస్తాయేమో తప్పకుండా అడుగు. వస్తే గట్టిగా అదిమి పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్స్‌ని పిలవాల్సిందే.

ఇక తలుపు గడియ. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు కన్నుమూసి తెరిచేలోగా బయటికి వెళ్లిపోతారు. నీళ్లు కనిపిస్తే అటే పోతారు. ఒకప్పుడు నేనూ నీలాగే ఇంకో బాబు దగ్గర కూర్చునేదాన్ని. ఒకసారి నేను ఫోనెత్తి ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీ. బాత్రూములో నిండు బకెట్‌లో మోచేతుల దాకా చేతులు ముంచి కూర్చున్నాడు. ఏమీ కాలేదు. కానీ ఇప్పటికీ ఆ బకెట్ నా కలలోకి వస్తుంది. నువ్వు ఫోన్ సంచిలో పెట్టి మరీ కూర్చో.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది నేను చేసిన తప్పు చెప్పడానికి. నేను చూసుకున్న ఆ బాబు తల్లి నెలల తరబడి పంటినొప్పి ఓర్చుకుంటోంది, డాక్టర్ దగ్గరికి వెళ్లే వీలులేక. చివరికి నేనే పంపించాను. మూడు గంటలు పిల్లాడు కిక్కురుమనలేదు. బుగ్గ వాచి, నోట్లో దూదితో ఆమె గుమ్మంలోకి రాగానే, "చూశావా, నా దగ్గర ఎంత బుద్ధిగా ఉన్నాడో! నువ్వే ఊరికే టెన్షన్ పడతావు" అన్నాను. ధైర్యం చెబుతున్నానే అనుకున్నాను. ఆమె నవ్వి తల వంచుకుంది.

తర్వాతి వారం "పర్లేదక్కా, మేం చూసుకుంటాంలే" అంది. ఆపై వారమూ అదే మాట. ఏడాది తర్వాత గానీ చెప్పలేదు. ఆ రోజు నేను వెళ్లిపోయిన పది నిమిషాలకే మొదలైందట. అర్ధరాత్రి దాకా అరుస్తూ, తన చెయ్యి తనే కొరుక్కున్నాడట. కొత్తవాళ్ల ముందు బిగబట్టుకున్నదంతా అమ్మ కనిపించగానే వదిలేస్తారమ్మా ఈ పిల్లల్లో కొందరు. ఆమె దగ్గరైతేనే వాడికి ఆ ధైర్యం. అది తెలియక, ఆమెకే పెంచడం చేతకాదన్నట్టు మాట్లాడాను. అడిగేవాళ్లు లేక ఆ ఏడాదంతా ఆమె ఒక్కర్తే పడింది.

నీకు మాట తొందర. చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను, విన్నావా? ఆమె తిరిగి రాగానే జరిగింది మాత్రం చెప్పు: ఎప్పుడు నీళ్లు తాగాడు, దేనికి ఏడ్చాడు, ఎంతసేపు పడుకున్నాడు. ఎక్కడికెళ్లావని అడగకు. పక్క గదిలో తలుపేసుకుని నిద్రపోయినా సరే, ఆ సమయం ఆమెది. ఎవరికో ఏదో మందుతో నయమైందన్న కబుర్లు అసలే మోసుకెళ్లకు, అలాంటివి ఆమె ఎన్ని వినుంటుందో. వీలైతే వెంటనే బయల్దేరకుండా ఓ పావుగంట ఆగు. అప్పుడు వాడు ఏడిస్తే ఆమె పక్కన ఇంకో మనిషి ఉంటుంది.

నీ చేతులు మెత్తనివి తల్లీ, పిల్లలు ఇట్టే మాలిమి అవుతారు. ఆ భయం నాకు లేదు. శనివారం ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. గడియ వాడికి అందనంత ఎత్తులో ఉందో లేదో ముందు అది చెప్పు.

మీ పెద్దమ్మ