రక్షణ రంగంలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా మొదలుపెట్టాలంటే ఏం నేర్చుకోవాలి?

వెబ్‌సైట్ల టెస్టింగ్ చేసినవాళ్లకు ఇక్కడ మొదట కొత్తగా అనిపించేది కాగితం పని. ప్రతి టెస్ట్ కేసూ ఏదో ఒక రిక్వైర్‌మెంట్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో ముందే రాసిపెట్టిన అవసరానికి, ముడిపడి ఉండాలి. ఏ వెర్షన్ మీద నడిపారు, ఏం రావాలి, ఏం వచ్చింది, అన్నీ రాసిపెట్టాలి.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో, వచ్చే క్షిపణులను గాల్లోనే అడ్డుకునే ఒక అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ అప్పటికి దాదాపు 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును 24 బిట్లలో కుదించడంతో మిగిలిన చిన్న తేడా పేరుకుపోయి, గడియారం 0.34 సెకను తప్పింది. దూసుకొస్తున్న ఇరాక్ స్కడ్ క్షిపణిని అది పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. పది నిమిషాల టెస్టులో ఈ లోపం బయటపడదు. "ఎంతసేపు నడిపి చూశాం?" అని అడిగే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి.

సీ భాష, లినక్స్, పైథాన్‌తో ఆటోమేషన్ వస్తే మొదలుపెట్టడానికి సరిపోతుంది. విమానాల వైపు వెళ్లాలనుకుంటే విమాన సాఫ్ట్‌వేర్ భద్రతా ప్రమాణమైన డీఓ-178సీ గురించి చదవండి. అత్యంత కీలకమైన లెవెల్ ఏ కోడ్‌కు అది ఎంసీడీసీ కవరేజ్ అడుగుతుంది, అంటే షరతులోని ప్రతి అంశమూ విడిగా ఫలితాన్ని మార్చగలదని చూపించాలి. టెస్టర్లకు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్లలో మొదటి మెట్టైన ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ సర్టిఫికెట్ ఉంటే ఫ్రెషర్‌కు మంచిదే. ఇక ఉద్యోగంలో చేరేముందు మీ నేపథ్యంపై జరిగే భద్రతా తనిఖీకి నెలలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి. ఫారంలో మాత్రం ఏదీ దాచకండి.