పశువైద్యుని సమాధానాలు: గెలుపు రద్దయితే ట్రైనరు దోషి అయినట్లేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, నేను గుంటూరు బ్రాడీపేటలో ముప్పై ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. మా బావగారితో కలిసి ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాదు వెళ్లి మలక్‌పేటలో గుర్రప్పందేలు చూసి వస్తుంటాను. పరీక్షలో మందు ఆనవాలు దొరికిందని, గెలిచిన గుర్రాన్ని కొన్ని వారాల తర్వాత అనర్హం చేస్తుంటారు. గాయానికి చేయించిన ఇంజెక్షనేనని ట్రైనరు మొత్తుకున్నా వినరు. మోసం చేయాలన్న ఉద్దేశం లేనప్పుడు, ఆ కాస్త మందుతో గుర్రం వేగం పెరగనప్పుడు, గెలుపును తీసేసుకోవడం న్యాయమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు ఒకే ప్రశ్నగా అడిగారు కానీ ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. ఆ గెలుపు నిలవాలా అన్నది ఒకటి, ట్రైనరు తప్పు చేశాడా అన్నది మరొకటి. వీటిని విడదీసి చూడకపోతే ఎవరికి అన్యాయం జరిగిందో ఎప్పటికీ తేలదు.

మందుల దుకాణం నడిపే మీకు ప్రొకెయిన్ పెన్సిలిన్ కొత్త కాదు. గాయం చీము పట్టకుండా పశువులకు మేము వేలసార్లు చేసిన ఇంజెక్షన్ అది. అందులో గాయాన్ని మాన్పేది పెన్సిలిన్. సూది మందు నొప్పి తగ్గించడానికి, మందు నెమ్మదిగా ఒంటబట్టడానికి కలిపే ప్రొకెయిన్ మాత్రం స్వతహాగా తిమ్మిరి మందు. అదే మందును కాలి నరం దగ్గర పొడిస్తే కుంటుతున్న గుర్రం కుంటడం మానేస్తుంది. మూత్రంలో ప్రొకెయిన్ కనిపించినప్పుడు అది భుజం మీది గాయం కోసం వచ్చిందా, కాలి నొప్పిని కప్పిపుచ్చడానికి వచ్చిందా అన్నది ప్రయోగశాల చెప్పలేదు. గుర్రమూ చెప్పలేదు. ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, మందు ఉన్నదంటే గెలుపు పోయినట్లేనన్న నియమం పుట్టింది ఇందుకే.

వేగం పెంచే మందులే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పశువైద్యుడిగా నేను ఎక్కువగా భయపడేది నొప్పి తెలియనివ్వని మందులకే. నాలుగైదు వందల కిలోల జంతువు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూ, ఒక్కో అడుగులో ఆ బరువంతా ఒక్క ముంగాలి మీద మోపుతుంది. ఎముకలో సన్నని చీలిక ఉంటే నొప్పి పుట్టి, ఆ కాలిని ఆచితూచి వేస్తుంది. ఆ నొప్పిని మందుతో అణిచేసి పరుగెత్తిస్తే కాలు విరిగేది గుర్రానికి, నేల మీద పడేది జాకీ, అతని మీదుగా వచ్చేవి వెనకాల గుర్రాలు. 1968లో అమెరికాలోని కెంటకీ డెర్బీలో మొదటి స్థానంలో వచ్చిన డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రాన్ని అనర్హం చేసింది ఇటువంటి నొప్పి మందు, ఫినైల్‌బ్యుటజోన్, దొరికినందుకే.

ఇక పరీక్ష సంగతి. నా సహాధ్యాయి ఒకరు పందేల మైదానంలో పశువైద్యుడిగా ఉన్న రోజుల్లో నమూనా సేకరణను పక్కనే నిలబడి చూశాను. పందెం నెగ్గిన గుర్రాన్ని, పందెం అధికారులైన స్టీవర్డ్‌లు సూచించిన మరికొన్నిటిని చెమట ఆరీ ఆరకముందే వేరే కొట్టంలోకి తీసుకువచ్చారు. కింద కొత్త గడ్డి పరిచి ఉంది. గుర్రాన్ని చూసుకునే సైసు సన్నగా ఈల వేస్తూ నిలబడ్డాడు. ఆ ఈలకు అలవాటు పడిన గుర్రం కాసేపటికి కాళ్లు చాచగానే, సహాయకుడు పొడవాటి కర్ర చివరనున్న పాత్రను ముందుకు చాపాడు. ఆ మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి, ట్రైనరు మనిషి కళ్ల ముందే సీలు వేసి, అతనిచేత సంతకం చేయించుకున్నారు. సీసా మీద గుర్రం పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. పరీక్షించేవారికి అది ఎవరి గుర్రమో తెలియకూడదు. మొదటి సీసాలో మందు కనిపిస్తే రెండో సీసాను పరీక్షింపజేసుకునే హక్కు ట్రైనరుకు ఉంటుంది. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షల ప్రయోగశాలలో మనుషుల నమూనాలతో పాటు గుర్రాల నమూనాలను కూడా పరీక్షిస్తారు.

కొన్ని పదార్థాలు మేతలోనే ఉంటాయి కనుక వాటికి అంతర్జాతీయంగా హద్దులు పెట్టారు. లూసర్న్ గడ్డి తిన్న గుర్రం మూత్రంలో ఆస్పిరిన్ తాలూకు సాలిసిలిక్ ఆమ్లం సహజంగానే కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 750 మైక్రోగ్రాములు దాటితేనే దాన్ని తప్పుగా లెక్కిస్తారు. వంటసోడా నీళ్లను ముక్కు గొట్టం ద్వారా కడుపులోకి పోసి కండరాల అలసటను వాయిదా వేసే మోసం ఒకటుంది. దాన్ని పట్టడానికి, సోడా వల్ల రక్తంలో పెరిగే మొత్తం కార్బన్ డయాక్సైడును కొలుస్తారు, హద్దు లీటరుకు 36 మిల్లీమోల్‌లు.

ఇప్పుడు మీ రెండో విషయానికి, అంటే మనిషి దోషానికి వస్తాను. 2014లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ గుర్రం ఎస్టిమేట్ అస్కాట్ గోల్డ్ కప్‌లో రెండో స్థానంలో వచ్చింది. దాని నమూనాలో నొప్పి తెలియనివ్వని మందు మార్ఫిన్ దొరికింది. కలుషితమైన దాణా ద్వారా వచ్చిందని తేలింది. అయినా స్థానం పోయింది, బహుమతి సొమ్ము పోయింది. ట్రైనరుకు మాత్రం శిక్ష పడలేదు. దానికి ముందు ఏడాదే అక్కడ మహమూద్ అల్ జరూనీ అనే ట్రైనరు గుర్రాలకు స్టెరాయిడ్‌లు ఇచ్చినట్లు ఒప్పుకున్నందుకు ఎనిమిదేళ్ల నిషేధానికి గురయ్యాడు. నా దృష్టిలో న్యాయమంటే ఇదే. మందు ఒంట్లో ఉన్న గుర్రం గెలుపు ఎలా ఉన్నా నిలవకూడదు, ఎందుకంటే రెండో స్థానంలో వచ్చిన గుర్రం ఏ తప్పూ చేయలేదు. మనిషికి వేసే శిక్ష మాత్రం అతని తప్పుకు తగినంతే ఉండాలి. నిజంగా గాయానికే ఇంజెక్షన్ చేయించిన ట్రైనరును మోసగాడిగా ముద్ర వేయడం అన్యాయం. అయితే మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగకుండా పందేనికి దించిన అజాగ్రత్తకు అతను జవాబు చెప్పుకోవలసిందే.

ఒక్క చోట మీ బాధతో నేనూ ఏకీభవిస్తాను. 2021 కెంటకీ డెర్బీ నెగ్గిన మెడినా స్పిరిట్ రక్తంలో దొరికిన బీటామెథసోన్ అనే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మిల్లీలీటరుకు 21 పికోగ్రాములు. గ్రాములో లక్ష కోట్ల వంతు ఒక పికోగ్రాము. యంత్రాల చూపు ఇంత సూక్ష్మమైనప్పుడు, వైద్యానికి వాడే ప్రతి మందుకూ పందేనికి ఎన్ని రోజుల ముందు ఆపాలో ట్రైనర్లకు ముందే స్పష్టంగా చెప్పి తీరాలి. ఆ గెలుపును 2022 ఫిబ్రవరిలో రద్దు చేసి, రెండో స్థానంలో వచ్చిన మాండలూన్‌ను విజేతగా ప్రకటించారు కానీ, మాండలూన్ గెలుస్తుందని పందెం కాసినవారికి సొమ్ము రాలేదు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని మన సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. గుర్రం గత పరుగులను రాత్రంతా కూర్చుని లెక్కగట్టినవాడి నైపుణ్యాన్ని వృథా చేసేది ఇటువంటి సందర్భమే.

ప్రశ్న: మా ఊళ్లో ఏటా ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతాం. కొన్ని జతలకు ఇంజెక్షన్లు చేయిస్తున్నారని అనుమానం. గుర్రాలకు చేసే పరీక్షలు ఎడ్లకు పెట్టవచ్చా?
– పోటీల కమిటీ సభ్యుడు, విజయవాడ

జవాబు: తప్పకుండా పెట్టవచ్చు. హాని చేసే మందును జంతువుకు ఎక్కించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. నమూనా తీయడం మీకు కష్టం కాదు. పొట్ట కింద తోలును మెల్లగా నిమిరితే ఎద్దు మూత్రం పోస్తుందని మీ పాలేర్లకు నాకంటే బాగా తెలుసు. అసలు కష్టం ఆ తర్వాతే ఉంటుంది. సీసాకు ఎవరు సీలు వేశారు, ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, రెండో సీసా ఎక్కడ భద్రపరిచారు అన్నవి కాగితం మీద లేకపోతే ఆ ఫలితం తగవుకే తప్ప తీర్పుకు పనికిరాదు. కాబట్టి ఈ ఏడాది పోటీల ప్రకటనలోనే పరీక్ష సంగతి అచ్చువేయించి, ప్రవేశ పత్రం మీద యజమానుల సంతకం తీసుకోండి. పోటీకి ముందు కుంటుతున్న ఎద్దును పశువైద్యుడు చూసి ఆపే అధికారం కూడా అందులోనే రాయండి. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే. అక్కడి అధ్యాపకులను ముందుగా కలవండి. నమూనా తీసి సీలు వేసే పద్ధతిని మీ కుర్రాళ్లకు చూపించడానికి పిలిస్తే నేను గుంటూరు నుంచి వస్తాను.