ఊడదీయకముందే వాల్యుయర్‌ని పిలవండి

డయాగ్నస్టిక్ సెంటర్ మూసేస్తున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మెషీన్లన్నీ విప్పించి గోడౌన్‌కి చేర్చి, హార్డ్ డిస్కులు తుడిపించేసి, తర్వాత తీరిగ్గా వాల్యుయేషన్ చేయించుకుందాం అనుకుంటున్నాం. కొనడానికి వచ్చిన డీలరే ఉచితంగా విలువ కట్టి ఇస్తానంటున్నాడు. అది సరిపోతుందా?"

సరిపోదు. పైగా మీరు వేసుకున్న వరుస మొత్తం తలకిందులుగా ఉంది. ముందు వాల్యుయేషన్, ఆ తర్వాత డేటా తుడవడం, అన్నిటికంటే చివర విప్పడం. మెషీన్ కరెంటు మీద నడుస్తుండగా చూస్తేనే వాల్యుయర్ అది పని చేస్తోందని రాయగలడు. ప్లాస్టిక్ చుట్టి మూలన పెట్టినదాన్ని చూపిస్తే "పని తీరు పరీక్షించలేదు" అని రిపోర్టులో ఒక లైను పడుతుంది. కొనేవాడికైనా, బ్యాంకుకైనా ధర కోసేయడానికి ఆ ఒక్క లైను చాలు.

ఎంఆర్ఐ ఉంటే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. సెంటర్ మూసేశాం కదా అని మెయిన్ ఆపేస్తారు, దాంతో మాగ్నెట్‌ని చల్లగా ఉంచే చిల్లర్, హీలియం కంప్రెసర్ రెండూ ఆగిపోతాయి. మాగ్నెట్ లోపల మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ద్రవ హీలియం ఆవిరై వెంట్ పైపులోంచి పోవడం మొదలవుతుంది. పాత తరహా 1.5 టెస్లా మాగ్నెట్లలో వెయ్యి లీటర్లకు పైగా హీలియం ఉంటుంది. అది తగ్గిపోయాక మళ్లీ నింపి, మాగ్నెట్‌ని మళ్లీ పూర్తి అయస్కాంత బలానికి తేవడానికి అయ్యే ఖర్చు పాత మెషీన్ ధరనే మింగేయగలదు. ఫిలిప్స్ 2018లో తెచ్చిన సీల్డ్ మాగ్నెట్లలో దాదాపు 7 లీటర్లే కాబట్టి వాటి లెక్క వేరు. వాల్యుయర్ వచ్చేసరికి హీలియాన్ని చల్లబరిచే కోల్డ్ హెడ్ లయగా కొట్టుకునే చప్పుడు గదిలో వినపడుతూ ఉండాలి. హీలియం లెవెల్ రికార్డు కొన్ని నెలలది, కంప్రెసర్ నడిచిన గంటలు, రోగి ఒంటి మీద అమర్చే కాయిల్స్ ఒక్కొక్కదాని పార్ట్ నంబరు, సీరియల్ నంబరు బల్ల మీద సిద్ధంగా ఉంచండి. న్యూక్లియర్ స్కాన్లు తీసే గామా కెమెరా ఉంటే ఆ గదిలో ఏసీ కూడా ఆపకండి. అందులోని సోడియం అయొడైడ్ క్రిస్టల్ ఉష్ణోగ్రత గబుక్కున మారితే పగులుతుంది, తేమ తగిలితే పసుపు తిరుగుతుంది. పగిలిన క్రిస్టల్ ఉన్న కెమెరాకి విడిభాగాల ధర తప్ప రాదు.

హార్డ్ డిస్కు సంగతి. రోగుల వివరాలు బయటికి పోకూడదన్న మీ జాగ్రత్త సరైనదే. కానీ డిస్కు మొత్తం ఫార్మాట్ చేస్తే రోగుల డేటాతో పాటు ఆపరేటింగ్ సాఫ్ట్‌వేర్, క్యాలిబ్రేషన్ ఫైళ్లు, ఆప్షన్ లైసెన్సులు, సర్వీస్ లాగ్ అన్నీ పోతాయి. డాప్లర్, 4డీ, కార్డియాక్ ప్యాకేజీ, డైకామ్ (ఇమేజ్‌లను వేరే కంప్యూటర్లకి పంపే పద్ధతి) లాంటి ఆప్షన్లు చాలా మెషీన్లలో ఆ ఒక్క సీరియల్ నంబరుకే ముడిపడి ఉంటాయి. పోయినవాటిని కంపెనీ తిరిగి ఇవ్వాలంటే మళ్లీ డబ్బు కట్టమనొచ్చు, పాత మోడల్ అయితే ఇవ్వనే ఇవ్వదు. కాబట్టి మొదట సిస్టమ్ ఆప్షన్ల తెర, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తెర, ఎర్రర్ లాగ్ ఫోటోలు తీయండి. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ డిస్కులు, డాంగిల్ (లైసెన్సు తాళంలా పనిచేసే చిన్న ప్లగ్) ఉంటే భద్రం చేయండి. ఆప్షన్ల తెరలో "ట్రయల్" అని, గడువు తేదీతో కనిపించేవాటిని లెక్కలోకి తీసుకోకండి. తుడిచేటప్పుడు పేషెంట్ డేటాబేస్, ఇమేజ్ పార్టిషన్ మాత్రమే తుడిచి, తుడిచినట్టు సర్టిఫికెట్ తీసుకోండి.

ఇక అల్ట్రాసౌండ్. ఎక్కువ మంది మోసపోయేది దీని దగ్గరే, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను. "మెషీన్, మూడు ప్రోబులు" అని ఒకే లైనులో రాసి ఒకే విలువ వేసిన రిపోర్టుని నమ్మవద్దు. ప్రోబు అంటే ఒంటికి ఆనించి స్కాన్ చేసే భాగం, ప్రతి ప్రోబూ దేనికదే ఒక ఆస్తి. మెషీన్ పాతబడ్డా ప్రోబు ఇంకో మోడల్‌కి సరిపోతే దానికి విడిగా గిరాకీ ఉంటుంది. మంచి వాల్యుయర్, లేదా అతను వెంట తెచ్చుకున్న బయోమెడికల్ ఇంజనీర్, ప్రోబుని మొదట చేత్తో చూస్తాడు. రబ్బరు లెన్స్ అంచున లేచిందా, నొక్కితే కింద గాలి చేరినట్టు మెత్తగా ఉందా, కేబుల్ ప్రోబులోకి దిగే చోట తొడుగు చిట్లిందా, కనెక్టర్ పిన్నులు వంగాయా చూస్తాడు. తర్వాత జెల్ రాయకుండా, గాలిలోనే ప్రోబు ఆన్ చేస్తాడు. ఇమేజ్‌ని మెరుగుపరిచే హార్మోనిక్స్, కాంపౌండింగ్ సెట్టింగులు ఆపేసి, డెప్త్ తగ్గించి, ఫోకస్ పైకి తెచ్చి, గెయిన్ పెంచుతాడు. తెర మీద పైన అడ్డంగా సమానమైన పట్టీలు రావాలి. వాటి మధ్య నిలువుగా నల్ల చార కనిపిస్తే అక్కడి క్రిస్టల్ ఎలిమెంట్లు చనిపోయి ఉండాలి, లేదా లెన్స్ ఊడి ఉండాలి. అనుమానం తీరకపోతే పేపర్ క్లిప్ వంపుని లెన్స్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి నెమ్మదిగా జరుపుతాడు. దాని కింద తెర మీద ఒక ప్రకాశవంతమైన గీత కూడా జరుగుతూ పోతుంది. ఎక్కడ ఆ గీత మాయమైతే అక్కడ ఎలిమెంట్ పోయినట్టు. లీనియర్, కర్విలీనియర్ ప్రోబులకి ఇది చక్కగా పనికొస్తుంది. గుండె చూసే ఫేజ్డ్ అర్రే ప్రోబులు ప్రతి గీతకీ అన్ని ఎలిమెంట్లనూ వాడతాయి కాబట్టి వాటికి ఈ క్లిప్ పరీక్ష చాలదు, ఎలిమెంట్లను ఒక్కొక్కటిగా కొలిచే టెస్టర్ కావాలి.

4డీ ప్రోబు అయితే గుండ్రటి తల లోపల నూనె ఉంటుంది. ప్రోబుని తిప్పి పట్టుకుని లైటు కింద చూడండి. బుడగ కనిపిస్తే నూనె కారినట్టే, ఆ బుడగ ఇమేజ్‌లో నల్ల మచ్చగా పడుతుంది. అన్నవాహిక ద్వారా గుండెని చూసే టీఈఈ ప్రోబుకి లీక్ పరీక్ష, విద్యుత్ లీకేజీ పరీక్ష రెండూ కాగితం మీద ఉండాలి. ఇవేవీ చేయకుండా ఫోటోలు చూసి విలువ కట్టేదాన్ని డెస్క్‌టాప్ వాల్యుయేషన్ అంటారు. స్టూళ్లకి, బీపీ మెషీన్లకి, కాట్లకి అది చాలు. స్కానింగ్ మెషీన్‌కి చాలదు.

సీటీకి అసలు విలువ ఎక్స్‌రే ట్యూబులో ఉంటుంది, కారు ధర చెప్పే ముందు మీటరు చూసినట్టు ఇక్కడ ట్యూబు కౌంటర్ చూస్తారు. కంపెనీని బట్టి అది స్కాన్ సెకన్లలోనో, రొటేషన్లలోనో, మొత్తం ఎంఏఎస్ (ట్యూబు కరెంటుని సమయంతో గుణించిన లెక్క) లోనో ఉంటుంది. ట్యూబు మార్చిన తేదీ, అది కంపెనీదా బయటిదా, ఆర్కింగ్ (ట్యూబులో స్పార్క్ కొట్టడం) ఎర్రర్లు ఎన్నిసార్లు వచ్చాయి అన్నవి కూడా కావాలి. మెషీన్ కొన్న సంవత్సరం చెప్పి ట్యూబు చరిత్ర చెప్పకపోతే వాల్యుయర్ ట్యూబు అయిపోయిందనే లెక్క వేస్తాడు, వేయాలి కూడా. ఆపరేషన్ థియేటర్లో వాడే ఎక్స్‌రే మెషీన్ సీ-ఆర్మ్‌లో ఇమేజ్ ఇంటెన్సిఫయర్ రకమా, ఫ్లాట్ ప్యానెల్ రకమా అన్నదాన్ని బట్టి ధర చాలా మారుతుంది. వెంటిలేటర్‌కి నడిచిన గంటలు, బ్యాటరీ, ఆక్సిజన్ సెన్సర్. అనస్థీషియా మెషీన్‌లో మత్తుమందుని ఆవిరి చేసే వేపరైజర్లు ఒక్కొక్కటీ విడి లైను, క్యాలిబ్రేషన్ తేదీతో. ఎండోస్కోప్‌కి లీక్ పరీక్ష, నాలుగు వైపులా వంగే కోణం, ఏ ప్రాసెసర్‌కి సరిపోతుందన్నది.

మెషీన్ బాగా పని చేస్తున్నా విలువ పడిపోయే కారణాలు రెండున్నాయి, అమ్మేవాళ్లు వీటిని ఎప్పుడూ మర్చిపోతారు. ఒకటి, కంపెనీ "ఇక ఈ మోడల్‌కి విడిభాగాలు ఇవ్వం" అని పంపిన లేఖ. కన్సోల్‌లోని విండోస్ వెర్షన్ కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సాధారణ సపోర్ట్ ముగిసింది. అలాంటి కన్సోల్‌ని తమ నెట్‌వర్క్‌కి కలపడానికి ఆసుపత్రుల ఐటీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. రెండోది రీకాల్. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ, లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ రాలిపోయే ప్రమాదం ఉందని శ్వాసకి తోడ్పడే సీపాప్, బైపాప్ మెషీన్లను, కొన్ని వెంటిలేటర్లను వెనక్కి పిలిచింది. అలాంటి మోడల్ మీ దగ్గర ఉంటే, మరమ్మతు అయినట్టు సీరియల్ నంబరుతో కాగితం లేకపోతే దాన్ని ఆస్తుల జాబితాలో పెట్టడమే తప్పు.

క్యాన్సర్ చికిత్సకి వాడే కోబాల్ట్ మెషీన్ లాంటి, రేడియోధార్మిక సోర్స్ ఉన్నవాటికి విలువ సున్నా కంటే కిందకి పోవచ్చు. కోబాల్ట్-60 బలం సగానికి తగ్గడానికే 5.27 సంవత్సరాలు పడుతుంది కాబట్టి, చికిత్సకి బలం చాలని పాత సోర్స్‌లోనూ రేడియేషన్ మిగిలే ఉంటుంది, దాన్ని కూడా నియంత్రణ సంస్థ అనుమతితో, డబ్బు కట్టి సాగనంపాల్సిందే. ఆ ఖర్చు రిపోర్టులో కనపడాలి.

ఇప్పుడు డీలర్ ఉచిత వాల్యుయేషన్ మాట. కొనబోయేవాడు చెప్పేది బేరం తాలూకు మొదటి అంకె మాత్రమే. విలువ కట్టే మనిషికి ఆ మెషీన్ కొనడంలో గానీ అమ్మడంలో గానీ వాటా ఉండకూడదు. ఫీజు కూడా తేలిన విలువలో శాతంగా ఉండకూడదు, పనికో రోజుకో ఇంత అని ఉండాలి. శాతం అడిగితే అక్కడే మాట ఆపేయండి. అంతర్జాతీయ వాల్యుయేషన్ ప్రమాణాల ప్రకారం రాస్తారా, మెడికల్ మెషీన్లు ఇదివరకు చేశారా, పేర్లు తీసేసిన పాత రిపోర్టు ఒకటి చూపిస్తారా అని అడగండి. భవనాలకు, కార్లకు విలువ కట్టే ఆయన్ని పిలిస్తే పాత ఇన్‌వాయిస్ చూసి ఏటా ఇంత శాతం తగ్గించి ఇస్తాడు. అది అకౌంట్ల పుస్తకంలోని తరుగుదల, మార్కెట్‌తో దానికి సంబంధం లేదు. పుస్తకంలో సున్నా అయిన మంచి సీ-ఆర్మ్ అమ్ముడుపోతుంది, పుస్తకంలో సగం విలువ మిగిలిన ట్యూబు పోయిన సీటీ అమ్ముడుపోదు. అలాగే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన ధరలను ఆధారంగా చూపిస్తే ఒప్పుకోకండి. అవి అడిగిన ధరలు, వచ్చిన ధరలు కావు. నిజంగా జరిగిన అమ్మకాలు, వేలంలో పలికిన ధరలు ఆధారం కావాలి.

పిలిచిన రోజే విలువ ఎందుకో చెప్పండి. మీరు సెంటర్ మూసేస్తున్నారు కాబట్టి కొన్ని నెలల వ్యవధిలో నిదానంగా అమ్మితే వచ్చే విలువ, తొందరపడి వేలం వేస్తే వచ్చే విలువ రెండూ అడగండి. భాగస్వాముల పంపకానికైతే సాధారణ మార్కెట్ విలువ. సెంటర్‌ని ఉన్నది ఉన్నట్టు ఇంకొకరికి అప్పగిస్తే, బిగించి నడుస్తున్న చోట విలువ. ఇన్సూరెన్స్‌కైతే అలాంటిదే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు. ఒకే సీటీకి ఈ అంకెలు చాలా దూరం దూరంగా ఉంటాయి, అన్నీ నిజమే. విప్పడం, ప్యాకింగ్, క్రేన్, గోడ పగలగొట్టి బయటికి తీయడం ఎవరి నెత్తిన అన్నది కూడా రాయించండి.

రిపోర్టు చేతికి వచ్చాక ముందు అంకె చూడకండి, సీరియల్ నంబర్లు చూడండి. నేమ్‌ప్లేట్ ఫోటోలోని నంబరు, పట్టికలోని నంబరు ఒకటేనా అని ప్రతి మెషీన్‌కీ, ప్రతి ప్రోబుకీ సరిచూసుకోండి. ఏ తేదీ నాటి విలువ, ఏ రకం విలువ, ఎవరి వాడకం కోసం, ఏవి నడిపి చూశారు, ఏవి చూడలేదు అన్నవి స్పష్టంగా ఉండి, తనకి ఇందులో ఏ లాభమూ లేదన్న ప్రకటన కింద సంతకం ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా మెషీన్లు కదలకముందే దిద్దించుకోండి. లారీ ఎక్కాక ఆ నంబరు మళ్లీ చూడటానికి వాల్యుయర్ రాడు.